ఇటలీ కుటుంబ వైనరీలు

ద్రాక్ష తోట, రసం పులియబెట్టే తొట్లు, సీసాలు దాచే నేలమాళిగ మూడూ ఒకే ఇంటివాళ్ల చేతిలో ఉండి, చలికాలపు కత్తిరింపు దగ్గర్నుంచి సీసాకు బిరడా బిగించేదాకా ఆ ఇంటివాళ్లే దగ్గరుండి పని నడిపించే పద్ధతి ఇటలీలో నేటికీ గట్టిగా నిలిచి ఉంది. ఉత్తరాన పియెమోంతె కొండల నుంచి దక్షిణాన సిసిలీ దీవి దాకా ఇలాంటి వైనరీలు వేలల్లో ఉన్నాయి. వీటిలో చాలావాటికి పది హెక్టార్ల తోట కూడా ఉండదు. ఐదు హెక్టార్ల తోట ఉన్న ఇంట్లో ఏడాదికి తయారయ్యేది సుమారు ముప్పై వేల సీసాలు, పెద్ద కంపెనీల లెక్కలో అది ఒక పూట పని.

ఇటలీ ఏటా సుమారు 400 నుంచి 500 కోట్ల లీటర్ల వైన్ తయారుచేస్తుంది. ప్రపంచంలో మొదటి స్థానం కోసం ఫ్రాన్సుతో ఏటా పోటీ. ఆ పరిమాణంలో దాదాపు సగం సహకార సంఘాల నుంచి వస్తుంది. మిగతాదాంట్లో పెద్ద వాటా సీసాలు నింపే కంపెనీలది. కుటుంబాల వాటా లీటర్లలో చిన్నదే. కానీ ఇటలీ వైన్‌కు ప్రపంచంలో పేరు తెచ్చిన బరోలో, బ్రునెల్లో, అమరోనె వంటివాటి చరిత్ర రాయాలంటే కంపెనీల పేర్లకన్నా ఇంటిపేర్లే ఎక్కువ రాయాలి.

‘చేతిపని వైన్’ అనే మాటకు ఇటలీ చట్టంలో నిర్వచనం లేదు. 2008లో ఏర్పడిన స్వతంత్ర ద్రాక్ష రైతుల సమాఖ్య మాత్రం సభ్యత్వానికి ఒక హద్దు గీసింది: సొంత తోటలో పండిన ద్రాక్షతో సొంతంగా వైన్ చేసి, సొంత పేరుతో సీసాకెత్తి అమ్మేవాళ్లే సభ్యులు. వాడుకలోనూ ఆ మాటకు అర్థం ఇంచుమించు ఇదే. యంత్రం ఉందా లేదా అన్నది రెండో ప్రశ్న. ఏ రోజు కోయాలి, ఎన్నాళ్లు తొక్కలతో ఉంచాలి, ఎప్పుడు అమ్మాలి అన్న నిర్ణయాలు ఎవరివి అన్నదే మొదటి ప్రశ్న. నెబ్బియోలో అనే నల్ల ద్రాక్ష మంచి తీగ నాటిన పాతికేళ్లకు గానీ తన సత్తా చూపదు. దానితో చేసిన వైన్ సీసాలో మరో పాతికేళ్లు ముదురుతుంది. ఒక మనిషి పనిచేసే వయసులో ఇలాంటి చక్రం ఒకటికి మించి పూర్తి కాదు. కుటుంబం అన్నది ఇక్కడ లేబుల్ మీది అలంకారంగా కాక, పనిముట్టుగా నిలవడానికి కారణం ఈ లెక్కే.

సగపాలు సేద్యం నుంచి సొంత సీసా దాకా

వైన్‌తో ముడిపడిన పాత కుటుంబాల్లో చాలావరకు భూమీ డబ్బూ ఉన్న పెద్ద కుటుంబాలు. టస్కనీలోని బ్రోలియో కోట 1141 నుంచి రికాసొలి వంశం చేతిలో ఉంది. ఐక్య ఇటలీకి రెండో ప్రధానమంత్రి అయిన బెత్తీనో రికాసొలి ఈ వంశంవాడే. కియాంతి వైన్‌లో ఏ ద్రాక్ష ఎంత కలపాలో 19వ శతాబ్దంలో తేల్చినదీ ఆయనే. ఫ్లారెన్సుకు చెందిన జొవాన్ని ది పియెరో ఆంతినోరి 1385లో ఆ నగర వైన్ వర్తకుల సంఘంలో చేరాడు. ఆంతినోరి కుటుంబం ఇప్పుడు ఇరవై ఆరో తరంలో ఉంది. పాతిక తరాల తర్వాత సంస్థ పగ్గాలు ముగ్గురు అక్కచెల్లెళ్ల చేతికి వచ్చాయి.

ఈ వ్యాసంలో ప్రధానంగా చెప్పుకునే చిన్న ఇళ్ల కథ వేరు. మధ్య ఇటలీలో శతాబ్దాల పాటు నడిచింది సగపాలు సేద్యం. భూమి దొరది, చాకిరీ రైతు కుటుంబానిది, పంటలో చెరిసగం. ఏ గట్టున ఏ తీగ బాగా కాస్తుందో రైతుకు తెలుసు గానీ సీసా మీద పేరు మాత్రం దొరది. 1964లో వచ్చిన చట్టం కొత్త సగపాలు ఒప్పందాలను నిషేధించింది. అప్పటికే పల్లెలు ఖాళీ అవుతున్నాయి. కుర్రవాళ్లు తూరిన్, మిలాన్ కర్మాగారాలకు తరలిపోతున్నారు. పాడుపడిన తోటలు చౌకగా దొరికాయి. ఊళ్లో మిగిలిన కొద్దిమంది వాటిని కొనుక్కున్నారు.

పియెమోంతెలో చిన్న రైతుకు భూమి ఉంది, మార్కెట్ లేదు. కోతల కాలంలో ద్రాక్ష బళ్లతో ఆల్బా పట్టణానికి వెళ్లి వర్తకుడి ధర కోసం ఎదురుచూడాలి. కోసిన ద్రాక్ష ఆగదు కాబట్టి పొద్దు వాలేకొద్దీ బేరం వర్తకుడి వైపే మొగ్గేది. ఆ గండం నుంచి బయటపడే దారి ఒక్కటే, ద్రాక్ష అమ్మడం మాని వైన్ అమ్మడం. 1963లో ప్రాంతాలవారీ నామకరణ చట్టం వచ్చింది. 1980లో దానికన్నా కఠినమైన పై శ్రేణి అమల్లోకి వచ్చి బ్రునెల్లో, బరోలో వంటివి అందులో చేరాయి. ఊరి పేరుకు చట్టం అండ దొరికాక ఇంటిపేరుకూ విలువ పెరిగింది.

1986లో ఘోరం జరిగింది. చౌకరకం వైన్‌లో మత్తు పెంచడానికి పారిశ్రామిక మిథనాల్ కలిపారు. ఇరవై మందికి పైగా చనిపోయారు, ఎందరికో చూపు పోయింది. ఇటలీ వైన్ ఎగుమతులు ఒక్కసారిగా కుప్పకూలాయి. తప్పు చేసినది కొందరు టోకు వ్యాపారులే అయినా అనుమానం అందరి మీదా పడింది. ఆ తర్వాత కొనేవాడు ‘ఇది ఎవరి తోటది, ఎవరు చేశారు’ అని అడగడం మొదలుపెట్టాడు. ఆ ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పగలిగింది చిన్న ఇళ్లే.

తోరానో నువోవోలో పేపే ఇల్లు

అబ్రుజో ప్రాంతంలో ఒక పక్క గ్రాన్ సాస్సో పర్వతం, మరో పక్క ఆడ్రియాటిక్ సముద్రం. రెండింటి మధ్య కొండల మీద తోరానో నువోవో అనే చిన్న ఊరు. పేపే కుటుంబం అక్కడ 1899 నుంచి వైన్ చేస్తోంది. తాత, తండ్రి చేసినదాన్ని 1964 నుంచి సొంత పేరుతో సీసాలకెత్తినవాడు ఎమీడియో పేపే. ఆ రోజుల్లో అబ్రుజో వైన్ అంటే పీపాలకు పీపాలు ఉత్తరాదికి తోలే ముడిసరుకు. అక్కడి పలచని వైన్‌లకు రంగూ బలమూ ఇవ్వడానికి కలిపేవారు. మోంతెపుల్చానో అనే నల్ల ద్రాక్ష, త్రెబ్బియానో అనే తెల్ల ద్రాక్ష దశాబ్దాలు నిలిచే వైన్ ఇస్తాయని ఎవరూ నమ్మని కాలంలో ఆయన నమ్మాడు. ప్రతి ఏటి పంటలో కొంత అమ్మకుండా నేలమాళిగలో దాచడం మొదలుపెట్టాడు. అప్పటికి చేతిలో డబ్బు లేని ఇంట్లో ఇది చిన్న సాహసం కాదు.

తోటలో తీగలను పందిరి మీదికి పాకిస్తారు. అబ్రుజో వాళ్లకు ఇది తాతలనాటి పద్ధతి. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ తోటలకు వేసిన పందిళ్లను చూసినవాళ్లకు ఈ తోట కొత్తగా అనిపించదు. తలెత్తితే ఆకుల కప్పు, దాని కింద నీడలో వేలాడే గుత్తులు. దిగుబడి కోసమే పందిరి అని నిపుణులు చాలాకాలం దాన్ని తక్కువ చేసి మాట్లాడి, వరుస తీగల పద్ధతికి మారమన్నారు. వేసవి ఎండలు ముదురుతున్న ఈ రోజుల్లో గుత్తి మాడిపోకుండా కాపాడేది ఆ ఆకు నీడే అని ఇప్పుడు మళ్లీ పందిరి వైపు చూస్తున్నారు.

కోత అయ్యాక పని చూడాలి. నల్ల ద్రాక్ష గుత్తులను చట్రానికి బిగించిన వల మీద పోసి చేతులతో రుద్దుతారు. పండ్లు వల కన్నాల్లోంచి కింది తొట్టిలోకి జారతాయి, కాడలు పైన మిగులుతాయి. యంత్రానికి వేస్తే ఇదే పని ఎంతో తొందరగా అవుతుంది. కానీ యంత్రం పచ్చికాడలను చిదుపుతుంది, గింజలను నలుపుతుంది. ఆ చేదు వైన్‌లోకి దిగితే ఎన్నేళ్లు ఉంచినా పోదు. తెల్ల ద్రాక్షను చెక్క తొట్టెలో పోసి కాళ్లతో తొక్కుతారు. మనిషి పాదానికి గింజను పగలగొట్టేంత బలం లేదు, తొక్కను చిట్లించేంత బలం ఉంది. పాతకాలపు ముచ్చటగా కనిపించే ఈ పని వెనక ఉన్న కారణం అంతే.

రసం పులియడానికి బయటి నుంచి ఈస్ట్ తెచ్చి కలపరు. ద్రాక్ష తొక్క మీద, ఇంటి గోడల మీద ఉన్న ఈస్ట్‌తోనే పులుస్తుంది. తొట్లు సిమెంటువి, లోపల గాజు పూత. పీపాలు వాడరు. చెక్క తన వాసనను వైన్‌కు అంటిస్తుంది. గాజు ఏమీ ఇవ్వదు, ఏమీ తీసుకోదు. రెండేళ్ల తర్వాత వడకట్టకుండానే సీసాలకెత్తుతారు. వడకట్టని వైన్‌లో బతికున్న జీవం ఉంటుంది కాబట్టి సీసాలోనూ మార్పు సాగుతూనే ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ అడుగున మడ్డి పేరుకుంటుంది.

ఇక్కడే ఈ ఇంటి అసలు చాకిరీ. పాత వైన్ అమ్మకానికి పంపేముందు ఒక్కొక్క సీసా బిరడా తీస్తారు. సీసాను మెల్లగా వంచి, తేట వైన్‌ను కొత్త సీసాలోకి పోస్తారు. మడ్డి గీత మెడ దగ్గరికి రాగానే ఆపేస్తారు. పాడైన సీసా ఉంటే వాసనలోనే దొరికిపోతుంది. నిండిన సీసాకు కొత్త బిరడా వేస్తారు. ఈ పని దశాబ్దాల పాటు ఎమీడియో భార్య రోసా చేతి మీదుగా జరిగింది. వేల సీసాలను ఇలా ఒక్కొక్కటిగా తెరిచి చూసే ఖర్చును ఏ కంపెనీ లెక్కల పుస్తకమూ ఒప్పుకోదు. కూతుళ్లు దనియేలా, సోఫియా, ఆ తర్వాత మనవరాలు కియారా ఈ పనిలోకి వచ్చారు. తోటను 2000 తర్వాతి దశకంలో బయోడైనమిక్ సేద్యానికి మార్చడం లాంటి మార్పులు వచ్చినా, వల మీద రుద్దడమూ కాళ్లతో తొక్కడమూ మారలేదు.

బరోలోలో పీపాల గొడవ

కుటుంబం అంటే తాత చెప్పింది మనవడు చేయడమే అనుకుంటే బరోలో చరిత్ర అర్థం కాదు. పియెమోంతెలోని లాంగే కొండల్లో పదకొండు ఊళ్ల పరిధిలో పండే నెబ్బియోలో ద్రాక్షతో చేసేది బరోలో. తొక్క పలచన, పులుపు ఎక్కువ, వగరు మరీ ఎక్కువ. ఆ కొండల్లోని మిగతా రకాలకన్నా ఆలస్యంగా పండుతుంది. లేత వయసులో తాగితే నోరు బిగుసుకుపోతుంది. అందుకే చట్టం ప్రకారం కోత ఏడాది నవంబరు నుంచి 38 నెలలు, అందులో 18 నెలలు చెక్కలో మగ్గితేనే అమ్మాలి. రిజెర్వా అని రాయాలంటే 62 నెలలు.

పాత పద్ధతిలో రసం పులిసేటప్పుడు తొక్కలను వారాల తరబడి అందులోనే ఉంచేవారు. పులిసే రసంలోంచి వాయువు పైకి తన్నుతూ ఉంటే తొక్కలన్నీ పైన తెట్టులా కడతాయి. ఆ తెట్టు గాలికి ఎండితే వైన్ పులిసి వెనిగర్ అవుతుంది. అందుకని చెక్క పలకలు అడ్డంగా బిగించి తొక్కలను రసంలోకి అణచిపెట్టేవారు. నెల దాటినా కదపకుండా అలా ఉంచేవాళ్లున్నారు. ఆ తర్వాత 20, 30, 50 హెక్టోలీటర్లు పట్టే పెద్ద పీపాల్లోకి మార్చేవారు. క్రొయేషియాలోని స్లవోనియా ఓక్ చెక్కతో చేసిన ఈ పీపాలు దశాబ్దాలు పనిచేస్తాయి. పీపా ఎంత పెద్దదైతే వైన్‌కు చెక్క తగిలేది అంత తక్కువ, చెక్క పాతదైతే దాని వాసన అంటేదీ తక్కువ. గాలి మాత్రం సన్నగా లోపలికి చేరి వగరును మెత్తబరుస్తుంది.

లా మోర్రా ఊరివాడైన ఎలియో అల్తారె 1976లో ఫ్రాన్సులోని బుర్గుండీ వెళ్లాడు. తన ఊళ్లో రైతులు గంజికి కటకటలాడుతుంటే అక్కడి చిన్న రైతులు గౌరవంగా బతకడం చూశాడు. తిరిగి వచ్చాక గుత్తులు పలచబరచడం, తొక్కలతో నానబెట్టే కాలాన్ని రోజులకు తగ్గించడం, 225 లీటర్ల చిన్న కొత్త పీపాలు వాడటం మొదలుపెట్టాలన్నాడు. తండ్రి ఒప్పుకోలేదు. 1983లో కొడుకు రంపపు యంత్రం పట్టుకుని ఇంట్లోని పాత పెద్ద పీపాలను కోసేశాడు. తండ్రి అతన్ని వారసత్వం నుంచి తప్పించాడు, ఇద్దరి మధ్యా మాటలు లేకుండానే రెండేళ్లకు చనిపోయాడు. సొంత తోటను ఎలియో కొనుక్కోవలసి వచ్చింది. ఆయనా, ఆయనతో నడిచిన కుర్రవాళ్లూ ‘బరోలో బాయ్స్’గా పేరుపడ్డారు. 2014లో వీళ్ల మీద అదే పేరుతో ఒక డాక్యుమెంటరీ చిత్రం వచ్చింది.

ఎండాకాలంలో కాయలున్న పచ్చి గుత్తులను కోసి నేల మీద పడేయడం చూసి ఆ తండ్రుల తరం ఎంత విలవిల్లాడిందో ఊహించుకోవచ్చు. యుద్ధకాలపు ఆకలి ఎరిగిన వాళ్లకు అది పంటను అవమానించడమే. కొడుకుల వైపూ న్యాయం ఉంది. పాత పీపాలు చాలా ఇళ్లలో మురికిపట్టి, వైన్ చెడి, కొనేవాళ్లు లేక పడి ఉన్నాయి. వాళ్ల తిరుగుబాటే లేకపోతే లాంగే కొండల్లో ఈ రోజు తోటలు మిగిలేవా అన్నది సందేహమే.

రెండో వైపు నిలబడ్డవాడు బర్తోలో మస్కరెల్లో. బరోలో ఊళ్లో ఆయన తండ్రి జూలియో 1918లో పెట్టిన వైనరీ అది. తోట సుమారు ఐదు హెక్టార్లు. కన్నూబి, సాన్ లోరెంజో, రూఎ అనే మూడు గట్లు బరోలో ఊరివి, రొక్కె అనే నాలుగోది లా మోర్రాది. 1960ల నుంచి ఒక్కొక్క గట్టు వైన్‌ను విడిగా, ఆ గట్టు పేరుతోనే అమ్మే పద్ధతి మొదలై, ధర కూడా దానికే ఎక్కువ పలుకుతూ వచ్చింది. 2010 పంట నుంచి బరోలో ప్రాంతమంతా 181 పేర్లుగా అధికారికంగా విభజించారు. మస్కరెల్లో ఇంట్లో మాత్రం నాలుగు గట్ల ద్రాక్షా కలిపి ఒకే బరోలో. ఒక గట్టు మీద వడగళ్లు పడితే మరో గట్టు ఆదుకుంటుంది. ఒకటి వాసనిస్తే మరొకటి బలమిస్తుంది. పూర్వం బరోలో అంటే ఇలా కలిపి చేసినదే. పేరున్న గట్టు చేతిలో ఉండి దాని పేరు వాడుకోకపోవడంలో ఎంత నిగ్రహం ఉందో వ్యాపారం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

బర్తోలో చివరి ఏళ్లు చక్రాల కుర్చీలో గడిచాయి. తోటలోకి వెళ్లలేని మనిషి లేబుళ్లకు బొమ్మలు వేయసాగాడు. వాటిలో ఒకటి ప్రపంచమంతా తెలిసింది: చిన్న పీపాలు వద్దు, (రాజకీయ నాయకుడు) బెర్లుస్కోనీ వద్దు అని చెప్పే లేబుల్. చిన్న పీపాల వాసనతో అన్ని దేశాల వైన్‌లూ ఒకేలా తయారవడమూ, దేశ రాజకీయాల తీరూ ఆయనకు ఒకే జబ్బుకు రెండు లక్షణాలుగా కనిపించాయి. 2005లో ఆయన పోయాక కూతురు మరియా తెరెసా అదే నాలుగు గట్ల కలయికనూ, సిమెంటు తొట్లనూ, పెద్ద పీపాలనూ కొనసాగించింది. ఆ గొడవ ఇప్పుడు చల్లారింది. చిన్న పీపాలతో మొదలుపెట్టిన ఇళ్లు చాలా మళ్లీ పెద్దవి కొన్నాయి. పాతవాళ్లు పరిశుభ్రతను కొత్తవాళ్ల నుంచి నేర్చుకున్నారు. లాంగే, రొయేరో, మోన్ఫెర్రాతో తోటల భూభాగం 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

ఎండబెట్టిన ద్రాక్ష

వెరోనా పట్టణానికి ఉత్తరాన వల్పోలిచెల్లా లోయల్లో కొర్వీనా మొదలైన నల్ల ద్రాక్షలను కోసిన వెంటనే పిండరు. గాలి ఆడే అటకల మీద వెదురు తడికల మీదో చెక్క పళ్లేల్లోనో ఒక్క వరుసగా పరిచి మూడు నాలుగు నెలలు వాడబెడతారు. బరువులో మూడోవంతు దాకా నీరు పోతుంది. తీపి, వగరు, వాసన చిక్కబడతాయి. ఆ నెలల్లో బూజు పట్టిన పండును రోజూ వెతికి తీసేయాలి. ఒక్కటి వదిలేస్తే తడిక అంతా పోతుంది. నడి చలికాలంలో పిండిన రసం చలికి మెల్లగా, నెలల తరబడి పులుస్తుంది. తీపి మిగిలితే రెచోతో, తీపి అంతా పులిసిపోతే అమరోనె. నెగ్రార్‌లోని జుసెప్పె క్వింతరెల్లి (1927–2012) ఈ పనికి ఆచార్యుడు. ఆయన అమరోనె పెద్ద పీపాల్లో ఏడెనిమిదేళ్లు మగ్గాకే బయటికి వచ్చేది. పంట నచ్చని ఏడాది అమరోనె పేరే వేసేవాడు కాదు. చేతిరాత అక్షరాలతో ఉండే ఆయన లేబుల్‌ను ఇప్పటికీ దూరం నుంచే గుర్తుపడతారు.

టస్కనీ పల్లె ఇళ్లలో విన్ సాంతో అనే తీపి వైన్ అంతకన్నా ఓపిక అడుగుతుంది. త్రెబ్బియానో, మల్వాసియా గుత్తులను దూలాలకు వేలాడదీసి చలికాలమంతా ఎండబెట్టి, పిండిన కొద్దిపాటి రసాన్ని బుల్లి పీపాల్లో పోస్తారు. పాత విన్ సాంతో అడుగున మిగిలిన మడ్డిని ‘తల్లి’ అంటారు. తరం నుంచి తరానికి దాచుకున్న ఆ తల్లిని కొంచెం ప్రతి పీపాలోనూ వేసి మూత బిగించేస్తారు. పీపాలుండేది నేలమాళిగలో కాదు, కప్పు కింది అటకలో. వేసవి వేడికి పులుస్తుంది, చలికి ఆగుతుంది. మూడేళ్లు, ఐదేళ్లు, కొన్ని ఇళ్లలో పదేళ్లు మూత తీయరు. తీసినప్పుడు ఒక పీపాలో తేనె రంగు వైన్ ఉంటుంది, పక్కదానిలో వెనిగర్ ఉండవచ్చు. లాభం చూసుకునేవాళ్లు ఇలాంటి పని పెట్టుకోరు. ఇంటికి వచ్చిన చుట్టానికి పోయడం కోసం చేసుకున్నారు కాబట్టే ఈ పద్ధతి బతికింది.

మట్టి కుండలు, గంధకం

స్లొవేనియా సరిహద్దున గొరీజియా దగ్గరున్న ఓస్లావియాలో యోస్కో గ్రావ్నర్ తన తరంలో అందరికన్నా ఆధునికుడు. తండ్రి తొట్లను తీసేసి స్టీలు ట్యాంకులు పెట్టాడు, ఆ తర్వాత చిన్న పీపాలు తెచ్చాడు. 1987లో కాలిఫోర్నియా వెళ్లి అక్కడి వైన్‌లు వరసగా రుచి చూశాక, కలిపే పదార్థాలతో వైన్ రుచిని తయారుచేసే దారిలో తానూ నడుస్తున్నానని గ్రహించి వెనక్కి తిరిగాడు. 2001 పంట నుంచి జార్జియా దేశపు పెద్ద మట్టి కుండలను మెడదాకా నేలలో పాతి, రిబొల్లా అనే తెల్ల ద్రాక్షను తొక్కలతో సహా నెలల తరబడి వాటిలో ఉంచాడు. వైన్ నారింజ రంగుకు తిరిగింది. చూసినవాళ్లు మతి పోయిందన్నారు, కొనేవాళ్లు చాలామంది మొదట్లో వెనక్కి తగ్గారు. ఇప్పుడు ఆ పద్ధతికి ప్రపంచమంతా అనుచరులున్నారు.

చిన్న ఇళ్ల మధ్య ఎప్పటికీ తెగని వాదం గంధకం మీద. వైన్ చెడకుండా గంధక ధూమం వాడటం పాత అలవాటే. యూరోపు చట్టం తీపి లేని ఎర్ర వైన్‌లో లీటరుకు 150 మిల్లీగ్రాముల దాకా సల్ఫైట్లను అనుమతిస్తుంది, సేంద్రియ ఎర్ర వైన్‌కు 100. అసలేమీ కలపని ఇళ్లున్నాయి, సీసాకెత్తేముందు చిటికెడు కలిపే ఇళ్లున్నాయి. ఏమీ కలపకపోవడం గొప్పే, కానీ అది అన్నిటికన్నా ఎక్కువ శుభ్రతా అనుభవమూ కోరే పని. వాటిని పక్కన పెట్టి గంధకాన్ని మానేస్తే చెడిన వైన్‌నే ‘సహజం’ పేరుతో అమ్మవలసి వస్తుంది. అలాంటి సీసాలు మార్కెట్లో లేకపోలేదు. తోటలో కూడా పూర్తిగా మందు లేకుండా నడవదు. సేంద్రియ రైతు సైతం బూజు తెగులుకు మైలుతుత్తం కలిసిన బోర్డో మిశ్రమం, బూడిద తెగులుకు గంధకం చల్లుతాడు. రాగి నేలలో పేరుకుపోతుంది కాబట్టి దానికీ చట్టం పరిమితి పెట్టింది.

వారసులు, వాతావరణం

ఇటలీ చట్టంలో పిల్లలకు, జీవిత భాగస్వామికి ఆస్తిలో తీసేయలేని వాటా ఉంది. ఐదు హెక్టార్ల తోటకు ముగ్గురు వారసులుంటే, వైన్ చేయాలనుకునేది ఒక్కరే అయితే, ఆ ఒక్కరూ మిగతా ఇద్దరి వాటాలూ కొనాలి. బరోలోలో మంచి గట్టు మీద హెక్టారు ధర పది లక్షల యూరోలు దాటిపోయింది. అప్పు చేసి కొంటే, సీసాలు అమ్మి ఆ అప్పు తీర్చడం దాదాపు అసాధ్యం. 2006లో వచ్చిన చట్టం యజమాని బతికుండగానే, మిగతా వారసులకు పరిహారం చెల్లించే ఏర్పాటుతో, సంస్థను ఒకరికి అప్పగించే ఒప్పందానికి వీలు కల్పించింది. అయినా అమ్మకాలు ఆగలేదు. బ్రునెల్లోకు రూపమిచ్చిన మోంతల్చీనోలోని బియోందీ సాంతీ ఇంట్లో 1888 నాటి సీసాలు దాచి ఉంచేవారు. ఏళ్లకేళ్లకు తగ్గిన వైన్‌ను అదే ఏటి వైన్‌తో నింపి కొత్త బిరడాలు వేసేవారు. 2013లో ఫ్రాంకో బియోందీ సాంతీ పోయిన కొద్ది ఏళ్లకే సంస్థలో అధిక వాటా ఒక ఫ్రెంచి సంస్థ చేతికి వెళ్లింది. బరోలో ప్రాంతంలోని వియెత్తి వైనరీని 2016లో ఒక అమెరికన్ కుటుంబం కొన్నది. కొత్త యజమానులు నాణ్యత తగ్గించారని చెప్పలేం. కాకపోతే తోటనూ ధరనూ చూసే కన్ను మారుతుంది. పక్క గట్టు ఎంతకు అమ్ముడుపోయిందో తెలిశాక చిన్న రైతు ఇంట్లోనూ లెక్కలు మొదలవుతాయి.

నిలబడినవాళ్లకు ఆసరా నేరుగా ఇంటి దగ్గర జరిగే అమ్మకం. పల్లె ఇళ్లలో అతిథులను ఉంచుకునే వ్యవసాయ పర్యాటకానికి 1985లోనే చట్టం వచ్చింది. 1993 నుంచి ఏటా మే నెలాఖరులో వైనరీల తలుపులు ఒకేసారి అందరికీ తెరిచే పండుగ జరుగుతోంది. మధ్యవర్తి లేకుండా అమ్ముడైన సీసా మీద చిన్న ఇంటికి మిగిలేది ఎక్కువ.

వాతావరణం మాత్రం ఒప్పందాలకు లొంగేది కాదు. ఒకప్పుడు అక్టోబరు చివరికి పండిన నెబ్బియోలో ఇప్పుడు చాలా ఏళ్లలో సెప్టెంబరు చివరికే కోతకు వస్తోంది. 2023 వసంతంలో ఎడతెగని వానలకు మధ్య, దక్షిణ ఇటలీ తోటలను బూజు తెగులు తుడిచిపెట్టింది. అబ్రుజోలో సేంద్రియ రైతులు మరీ దెబ్బతిన్నారు. ఆ ఏడాది దేశం మొత్తం దిగుబడి 400 కోట్ల లీటర్లకు తక్కువగా పడిపోయింది. డెబ్బై ఏళ్లలో అంత తక్కువ లేదు. లాంగేలో ఒకప్పుడు ద్రాక్షకు పనికిరావని హేజెల్‌నట్ చెట్లకు వదిలేసిన ఉత్తరపు వాలుల్లో ఇప్పుడు కొత్త తీగలు నాటుతున్నారు. అవి మంచి బరోలో ఇస్తాయో లేదో తేలేది, నాటినవాళ్ల పిల్లలు తోట చూసుకునే నాటికే.